చెప్పాపెట్టకుండా అద్దె పెంచితే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అద్దె పెంపు గురించినవే. ఊళ్లు వేరు, అంకెలు వేరు గానీ బాధ ఒక్కటే: నెలాఖరులో ఒక మాట చెప్పి, ఒకటో తేదీ నుంచి కొత్త అద్దె కట్టమంటున్నారు. వాటిలో ఐదు ఉత్తరాలకు ఇక్కడ జవాబు ఇస్తున్నాను. అన్నీ తెలంగాణ నుంచి వచ్చినవే కాబట్టి ఇక్కడి చట్టం ప్రకారమే రాశాను. ఆంధ్రప్రదేశ్ 2017లో వేరే అద్దె చట్టం చేసుకుంది. అక్కడి పాఠకులు ఈ జవాబులను యథాతథంగా తమకు అన్వయించుకోకుండా, తమ ఊరి న్యాయవాదిని అడగాలని కోరుతున్నాను.

ప్రశ్న: మేము కూకట్‌పల్లిలో ఒక ఇంటి మొదటి అంతస్తులో రెండున్నరేళ్లుగా అద్దెకు ఉంటున్నాము. అద్దె నెలకు 15,000 రూపాయలు, అడ్వాన్సు 30,000. చేరినప్పుడు పదకొండు నెలలకు అగ్రిమెంటు రాసుకున్నాము. గడువు తీరాక కొత్తది రాయలేదు గానీ ఓనరు గారు ప్రతి నెలా ఫోన్‌పేలో అద్దె తీసుకుంటూనే ఉన్నారు. కిందటి నెల 28న రాత్రి వాట్సాప్‌లో ‘ఒకటో తారీఖు నుంచి 19,500, లేదంటే ఖాళీ చేయండి’ అని మెసేజ్ పెట్టారు. మా పెద్దమ్మాయి పదో తరగతి చదువుతోంది. ఇప్పుడు ఇల్లు మారలేము, ఒక్కసారిగా 4,500 ఎక్కువ కట్టలేము. కట్టకపోతే సామాను బయట పెడతారేమోనని భయంగా ఉంది. ఏం చేయాలి?
— ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందుగా ఆ భయం తీసేసుకోండి. కోర్టు ఉత్తర్వు లేకుండా మీ సామాను బయట పెట్టే అధికారం ఇంటి యజమానికి లేదు. అలాగే, ఆయన మెసేజ్ పెట్టినంత మాత్రాన మీ అద్దె 19,500 కాలేదు. అద్దె అనేది ఇద్దరూ ఒప్పుకున్న మొత్తం; ఒకరు అడిగితే అది అడగడమే అవుతుంది, రెండోవారు సరేనన్నప్పుడే పెరిగినట్టు.

ఇప్పుడు మీ స్థితి చట్టప్రకారం ఏమిటో చెబుతాను. పదకొండు నెలల గడువు తీరిన తరువాత కూడా యజమాని అద్దె తీసుకుంటూ వచ్చారు కాబట్టి, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 116వ సెక్షన్ ప్రకారం మీ అద్దె నెలనెలా కొనసాగుతున్నట్టు లెక్క. ఇలాంటి అద్దెను ముగించాలంటే అదే చట్టంలోని 106వ సెక్షన్ ప్రకారం కనీసం పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు రాతలో ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి, పోస్టులో రావాలి లేదా మీ చేతికో, ఇంట్లో ఉన్న కుటుంబ సభ్యుల చేతికో అందాలి. అదీ వీలుకాకపోతే ఇంటికి కనబడేచోట అతికించాలి. ఈ పద్ధతుల్లో వాట్సాప్ మెసేజ్ లేదు. పైగా ఈ పదిహేను రోజుల నియమం ఇరువురి మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు వర్తించేది. మీరు పంపిన అగ్రిమెంటు నకలులో ఆరో షరతు ‘ఎవరు ఖాళీ చేయదలచినా, చేయించదలచినా ఒక నెల ముందు రాతపూర్వకంగా తెలియజేయవలెను’ అని ఉంది. పాత షరతులతోనే అద్దె కొనసాగుతోంది కాబట్టి, ఆ ఒక నెల గడువు మీకు ఇప్పటికీ వర్తిస్తుందని గట్టిగా చెప్పవచ్చు.

అయితే ఇందులోని రెండో సగం కూడా మీకు చెప్పకపోతే నేను తప్పు చేసినవాడినవుతాను. ఆయన రేపు సంతకంతో సరైన నోటీసు ఇచ్చి, గడువు తీరాక సివిల్ కోర్టులో దావా వేస్తే, మీరు ఆ ఇంట్లో శాశ్వతంగా ఉండే హక్కు ఉందని వాదించలేరు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం మీకు అండగా రాదు. 2005లో చేసిన సవరణ తరువాత, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలు ఆ చట్టం బయటే ఉన్నాయి. నోటీసులో చిన్న లోపం పట్టుకుని దావా కొట్టివేయించుకునే రోజులు కూడా పోయాయి. పూర్వం గడువు నెల చివరి రోజుతో సరిగ్గా ముగియలేదని నోటీసులను చెల్లవనేవారు గానీ, 2002 చివర వచ్చిన సవరణతో, దావా వేసేనాటికి పదిహేను రోజులు గడిచి ఉంటే గడువు తక్కువ రాసిన నోటీసు కూడా చెల్లుతుంది. గడువు తీరాక కూడా ఉండిపోతే, ఆ కాలానికి బయట నడుస్తున్న అద్దె లెక్కన నష్టపరిహారం కట్టమని కోర్టు చెప్పే అవకాశం ఉంది. అందుచేత చట్టం మీకు ఇస్తున్నది ముఖ్యంగా సమయం. ఆ సమయాన్ని ఎలా వాడుకుంటారన్నదే అసలు విషయం.

ఇలాంటి సందర్భంలో అద్దెదారులు రెండు పొరపాట్లు చేస్తారు. కోపం వచ్చినవారు అద్దె కట్టడమే ఆపేస్తారు. మొహమాటం ఉన్నవారు ఏమీ మాట్లాడకుండా పెంచిన మొత్తం కట్టేస్తారు. మొదటిది మిమ్మల్ని బకాయిదారుగా నిలబెడుతుంది. రెండోది పెంపునకు మీరు అంగీకరించారనడానికి సాక్ష్యంగా మారుతుంది. ఈ రెండూ కాకుండా, పాత అద్దె 15,000 ఎప్పటిలాగే ఐదో తేదీలోపు పంపండి, పంపేటప్పుడు ఏ నెల అద్దెయో వివరంలో రాయండి. అదే రోజు ఒక ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు భద్రం చేయండి. ఉత్తరం ఇంత సాదాగా ఉంటే చాలు:

‘గౌరవనీయులైన యజమాని గారికి నమస్కారాలు. నెలకు 15,000 రూపాయల అద్దెపై మీ ఇంటి మొదటి అంతస్తులో ఉంటున్న మేము, ఫలానా తేదీన మీరు వాట్సాప్‌లో పంపిన సందేశం చూశాము. మన ఒప్పందంలోని ఆరో షరతు ప్రకారం ఒక నెల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వవలసి ఉన్నది. అందువలన ఈ నెల అద్దె పాత లెక్క ప్రకారమే చెల్లించాము. అద్దె పెంపు గురించి మీతో కూర్చుని మాట్లాడుకొని, ఒక నిర్ణయానికి వచ్చి, కొత్త అగ్రిమెంటు రాసుకోవడానికి మేము సిద్ధంగా ఉన్నాము.’

ఇందులో బెదిరింపు లేదు, చట్టం పేరు కూడా లేదు. అయినా రేపు ఏ అధికారి ముందు పెట్టినా, మీరు అద్దె ఎగ్గొట్టలేదనీ, మాట్లాడటానికి ముందుకు వచ్చారనీ ఈ కాగితమే చెబుతుంది. ఆయన పంపిన మెసేజ్‌ను కూడా తొలగించకండి, ఫోను మార్చినా పాతది దాచండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం, నిర్ణీత ధ్రువపత్రంతో ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డులను కోర్టులో సాక్ష్యంగా పెట్టవచ్చు.

కాగితాల గురించి ఇంతగా చెబుతున్నది ఒక అనుభవం వల్ల. కొన్నేళ్ల కిందట ఒక పెద్దాయన నా దగ్గరకు గోడ క్యాలెండర్లు చుట్టగా చుట్టి తెచ్చారు. తొమ్మిదేళ్లుగా అద్దె చేతికే ఇచ్చారు, రసీదు అడిగితే యజమాని చిన్నబుచ్చుకుంటారని ఎన్నడూ అడగలేదు. ప్రతి నెలా ఐదో తేదీ గడిలో, పాల లెక్క పక్కన, పెన్సిల్‌తో ‘అద్దె ఇచ్చాను’ అని రాసి ఉంది. ఒక్క నెల తప్పలేదు. అద్దె పెంపు దగ్గర మాట తేడా వచ్చాక, ఏడు నెలల బాకీ ఉందని యజమాని నోటీసు పంపారు. ఆ క్యాలెండర్లు చూసిన నాకు ఆయన నిజమే చెబుతున్నారని అనిపించింది గానీ, వాటిపై యజమాని సంతకం ఎక్కడా లేదు. చివరికి మూడు నెలల అద్దె రెండోసారి కట్టి రాజీ పడవలసి వచ్చింది. నగదుగా అద్దె ఇచ్చేవారు ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని, ఇచ్చిన ప్రతిసారీ యజమాని చేత తేదీ వేయించి సంతకం తీసుకోండి. అది అవమానించడం కాదు.

ఇక మాట్లాడటం సంగతి. 15,000 మీద 4,500 అంటే 30 శాతం పెంపు. మీరు పది శాతం పెంపునకు, అంటే 16,500కు సిద్ధపడితే, ఆయనతో ఈ లెక్క వేసి చెప్పండి: మీరు ఖాళీ చేశాక ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉన్నా ఆయనకు 16,500 పోతుంది, కొత్తవారు 19,500 ఇచ్చినా నెలకు అదనంగా వచ్చేది 3,000 కాబట్టి ఆ ఒక్క నెల నష్టం పూడటానికే ఐదున్నర నెలలు పడుతుంది. రంగులు, బ్రోకరు కమిషను దీనికి అదనం. ఆషాఢమో, పుష్యమో దగ్గర్లో ఉంటే టు-లెట్ బోర్డు ఇంకొంత కాలం వేలాడుతుందని ఆయనకూ తెలుసు. మీవైపు లెక్క కూడా నిజాయితీగా వేసుకోండి: ఇల్లు మారితే లారీ, కూలీలు, కొత్త అడ్వాన్సు, అమ్మాయి బడి దూరం. చుట్టుపక్కల అలాంటి ఇళ్లు నిజంగానే 19,000కు నడుస్తుంటే, 17,000 దగ్గర ఒప్పుకోవడం ఓడిపోవడం కాదు. పెంపు అమ్మాయి పరీక్షలు అయ్యాక, వేసవి సెలవుల నుంచి అమలయ్యేలా అడగండి. ఏది కుదిరినా మళ్లీ పదకొండు నెలలకు అగ్రిమెంటు రాసుకుని, తరువాతి పెంపు ఎంత, ఎన్ని నెలల ముందు చెప్పాలి అన్నవి అందులో చేర్చండి.

మాటలు తెగిపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు అక్కడ న్యాయ సహాయం ఉచితం. కేసు వేయకముందే లోక్ అదాలత్ ద్వారా రాజీకి ప్రయత్నించే వీలు కూడా ఉంది. సహాయవాణి నంబరు 15100.

ప్రశ్న: మూడేళ్లకు అగ్రిమెంటు రాసుకున్నాము. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఇద్దరు సాక్షులతో సంతకాలు చేశాము గానీ రిజిస్ట్రేషను చేయించలేదు. ఏడాదికి ఐదు శాతం పెంపు అని స్పష్టంగా రాసుకున్నాము. రెండో ఏడాది మొదలవగానే ఓనరు 25 శాతం పెంచాలంటున్నారు. అగ్రిమెంటు చూపిస్తే అది చెల్లదంటున్నారు. నిజమేనా?
— ఒక ఉద్యోగి, కరీంనగర్

జవాబు: కొంతవరకు నిజమే, చెప్పడానికి కష్టంగానే ఉంది. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలని ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతున్నాయి. రిజిస్టరు కాని కాగితాన్ని మూడేళ్ల గడువుకు సాక్ష్యంగా కోర్టు తీసుకోదు. మీ అద్దెను నెలనెలా సాగే అద్దెగానే చూస్తుంది. మన దగ్గర అందరూ పదకొండు నెలలకే రాసుకోవడానికి కారణం ఇదే.

అంతమాత్రాన ఆయన చెప్పిన 25 శాతం మీపై పడదు. నెలనెలా సాగే అద్దెలో కూడా పెంపునకు మీ అంగీకారం కావాలి. ఒప్పుకోకపోతే ఆయన పదిహేను రోజుల నోటీసుతో ఖాళీ చేయమని అడగవచ్చు, అంతే. కాబట్టి ఐదు శాతం కలిపిన అద్దెను సకాలంలో కట్టండి. ఆయన సంతకం ఉన్న ఆ కాగితాన్ని ఎదురుగా పెట్టి మాట్లాడండి. కోర్టులో గడువుకు పనికిరాని కాగితం పెద్దమనుషుల ముందు ఇచ్చిన మాటగా పనికొస్తుంది. ఈసారి మాత్రం మూడేళ్లు కావాలంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లి రిజిస్టరు చేయించండి. ఆ ఖర్చు రెండు పక్షాలూ సగం సగం పెట్టుకుంటే, పిల్లల చదువు మధ్యలో ఇల్లు మారే బెడద తప్పుతుంది.

ప్రశ్న: వరంగల్‌లో మా నాన్నగారి కాలం నుంచి, 1994 నుంచి, ఒక మడిగెలో కుట్టు మిషన్ల మరమ్మతు దుకాణం నడుపుకుంటున్నాము. కిరాయి 3,000. యజమాని చనిపోయాక ఆయన కొడుకు వచ్చి వచ్చే నెల నుంచి 9,000 ఇవ్వాలన్నాడు. నేను 3,000 ఇవ్వబోతే తీసుకోలేదు. ఇప్పటికి రెండు నెలలైంది. తీసుకోవట్లేదు కదా అని ఊరుకున్నాను. పర్వాలేదా?
— ఒక దుకాణదారు, వరంగల్

జవాబు: పర్వాలేదు అనలేను. ఉత్తరం చదివిన వెంటనే మీరు కదలాలి.

మీ విషయం మిగతావారికంటే భిన్నం. భవనం పాతది, కిరాయి 3,500 లోపు కాబట్టి, 1960 నాటి భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం కింద మీకు రక్షణ ఉంది. ఈ చట్టం కింద పదిహేను రోజుల నోటీసు ఇచ్చి ఖాళీ చేయించడం కుదరదు; 10వ సెక్షన్‌లో చెప్పిన కారణాల్లో ఏదో ఒకటి రెంట్ కంట్రోలర్ ముందు, అంటే ఈ చట్టం కింద అద్దె తగాదాలు తేల్చే అధికారి ముందు, నిరూపించాలి. కిరాయి ఎక్కువ కావాలంటే న్యాయమైన అద్దె నిర్ణయించమని యజమాని కంట్రోలర్‌కు దరఖాస్తు చేసుకోవాలి, ఆ దరఖాస్తు మీరూ చేసుకోవచ్చు. ‘నాకు 9,000 కావాలి’ అనడం చట్టంలో కారణం కాదు.

కానీ ఆ 10వ సెక్షన్‌లోని మొదటి కారణమే కిరాయి బకాయి. ఒప్పందంలో గడువు ఉంటే అది దాటి పదిహేను రోజుల్లోగా, లేకపోతే మరుసటి నెల చివరి రోజులోగా కిరాయి ఇవ్వాలి. కావాలని ఎగ్గొట్టారని తేలితే ఖాళీ చేయించవచ్చు. ఎదుటివారు తీసుకోకపోవడమన్నది మీ నోటిమాట; ఆయన రేపు ‘అసలు ఇవ్వనే లేదు’ అంటే మీ దగ్గర రుజువు లేదు. తీసుకోకుండా తిప్పి పంపి, బకాయి పేరుతో కేసు వేసే ఎత్తు పాతదే. చట్టం రాసినవారు దానికి 8వ సెక్షన్‌లో విరుగుడు పెట్టారు. ముందు రాతపూర్వకంగా నోటీసు పంపి, కిరాయి జమ చేయడానికి ఏ బ్యాంకో పది రోజుల్లో చెప్పమని అడగాలి. చెబితే ప్రతి నెలా అందులో జమ చేయండి. చెప్పకపోతే, మనియార్డరు కమిషను మినహాయించుకుని కిరాయిని మనియార్డరులో పంపాలి. అదీ తిప్పి పంపితే కంట్రోలర్ దగ్గర జమ చేయడానికి అనుమతి కోరాలి. ఈ మెట్లు వరుసగా ఎక్కాలి, ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకుంటే మీ రక్షణ బలహీనపడుతుంది. రెండు నెలల మొత్తం 6,000 సిద్ధంగా పెట్టుకుని, న్యాయవాది ద్వారా ఈ వారంలోనే నోటీసు పంపండి.

ఇంకో జాగ్రత్త. రాజీగా కొంత పెంచుదామని అనుకుంటే అది మంచిదే, మూడు దశాబ్దాల అనుబంధం నిలబడుతుంది. అయితే కిరాయి 3,500 దాటేలా ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందు, దానివల్ల చట్టం రక్షణ పోతుందేమో న్యాయవాదితో చూపించుకోండి.

ప్రశ్న: మేము నలుగురం ఎస్.ఆర్.నగర్‌లో పెంట్‌హౌస్‌లో ఉంటూ పరీక్షలకు చదువుకుంటున్నాము. పెంచిన అద్దె ఇవ్వలేదని ఓనరు మూడు రోజులుగా మోటారు వేయడం లేదు, కరెంటు కూడా తీసేస్తానంటున్నారు. అడ్వాన్సులోంచి అద్దె పట్టుకోమని చెప్పి ఊరుకోవచ్చా?
— ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: నీళ్లు, కరెంటు ఆపి ఖాళీ చేయించే హక్కు ఏ యజమానికీ లేదు. విద్యుత్తు ప్రాథమిక సదుపాయమని, యజమాని అభ్యంతరం చెప్పారన్న కారణంతో అద్దెదారుకు దాన్ని నిరాకరించకూడదని సుప్రీంకోర్టు 2022లో స్పష్టంగా చెప్పింది. ఖాళీ ట్యాంకు, ఆపేసిన స్విచ్చు తేదీ కనబడేలా ఫొటోలు తీయండి. రాతపూర్వకంగా ఒకసారి అడగండి. తాళం వేయడానికో, సామాను తీయడానికో వస్తే 112కు ఫోన్ చేయండి. నిజంగానే బయటికి గెంటేస్తే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి ఇల్లు తిరిగి పొందవచ్చు. అంతవరకూ రాకముందే ఇంజంక్షన్, అంటే అలా చేయవద్దని ఆపే కోర్టు ఉత్తర్వు, కోరవచ్చు.

అడ్వాన్సులోంచి పట్టుకోమనడం మాత్రం వద్దు. యజమాని రాతలో ఒప్పుకుంటే తప్ప అది అద్దె కట్టినట్టు కాదు, పాత అద్దె ఎప్పటిలా పంపుతూనే ఉండండి. మీరు ఊరికి కొత్తవారు, పరీక్షల ఒత్తిడిలో ఉన్నారు. ఇంట్లోవాళ్లకు చెప్పకుండా దాచకండి. పెద్దవారు ఒకరు వచ్చి పక్కన కూర్చుంటే ఇలాంటి చాలా గొడవలు ఆ పూటతో సర్దుకోవడం నేను చూశాను.

ప్రశ్న: నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. మీ శీర్షికలో ఎప్పుడూ అద్దెదారుల కష్టాలే వస్తున్నాయి. నాకు కింది వాటా అద్దే ఆధారం. నాలుగేళ్లుగా 8,000 దగ్గరే ఆగిపోయింది. ఇంటి పన్ను, మరమ్మతులు పెరిగాయి. పెంచాలంటే ఎవరికీ బాధ కలగకుండా ఎలా చెప్పాలి?
— ఒక ఇంటి యజమాని, నిజామాబాద్

జవాబు: మాస్టారూ, మీరు అడగడం న్యాయమే. నాలుగేళ్లు ఒకే అద్దె మీద ఉంచిన మీరు పెంచకూడదని ఎవరూ అనలేరు. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో, అద్దె పెంచదలచిన యజమాని మూడు నెలల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలని ఉంది. అది నమూనా మాత్రమే, రాష్ట్ర శాసనసభ చట్టంగా చేస్తే తప్ప అమల్లోకి రాదు. అయినా ఆ మూడు నెలలను మీ అంతట మీరే పాటించమని నా మనవి. ఒక కుటుంబం తన ఖర్చులు సర్దుకోవడానికో, వేరే ఇల్లు వెతుక్కోవడానికో కనీసం అంత సమయం కావాలి.

ముందు ఒక సాయంత్రం వారిని పిలిచి నోటితో చెప్పండి, ఇంటి పన్ను రసీదు చూపించండి. నాలుగేళ్ల లోటు ఒక్కసారే రాబట్టాలని చూడకుండా ఈ ఏడాది కొంత, వచ్చే ఏడాది కొంత పెంచండి. తరువాత అదే మాట కాగితం మీద రాయండి: ఇప్పటి అద్దె ఎంత, కొత్తది ఎంత, ఏ నెల నుంచి, ఇష్టం లేకపోతే ఖాళీ చేయడానికి గడువు ఎంత, అడ్వాన్సు ఎప్పుడు తిరిగి ఇస్తారు. రెండు ప్రతులు తీసి, ఒకటి వారికి ఇచ్చి, రెండో దానిపై అందినట్టుగా తేదీతో వారి సంతకం తీసుకుని మీ దగ్గర ఉంచుకోండి.